కళ్లంలో పలకకూడని మాట

మా చిన్నమ్మ కళ్లంలో నిలబడి వాన పేరెత్తిందనీ, చెప్పుల కాళ్లతో బూడిద గీత దాటిందనీ, అందుకే పిడుగు పడి ఆమె మొగుడు, మా కాక, చచ్చిపోయాడనీ మా వాళ్లు నేటికీ చెబుతారు. ఆమె వాన అన్నమాట నిజం. చెప్పులతో లోపలికి పోయినమాటా నిజమే. ఆ రెంటినీ తీసుకెళ్లి పిడుగు మెడకు కట్టారు చూడండి, అక్కడే నాకూ వాళ్లకూ పడదు. ఇన్నేళ్లుగా పడటం లేదు.

మొన్న మళ్లీ లొల్లి అయింది. మా మేనత్త మనవరాలి పెండ్లి. జహీరాబాద్ బయట, హైవే పక్కన ఫంక్షన్ హాలు, వెనక రేకుల షెడ్డు కింద భోజనాలు. అందరి చేతులూ బగారన్నంలో ఉండగా, జేబుల్లోనూ సంచుల్లోనూ ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా కుయ్యిమని మోగాయి. ఉరుములు, మెరుపులు, ఈదురు గాలులు, వడగళ్లు పడే ప్రమాదం ఉంది, చెట్ల కింద నిలబడవద్దు, పొలాల్లో ఉండవద్దు అని ఫోనే చదివి వినిపించింది. బయట చూస్తే ఎండ ఫెళఫెళలాడుతోంది. పడమట మాత్రం, కర్ణాటక దిక్కున, పెనం అడుగులాంటి మబ్బు ఒకటి లేస్తోంది.

"గీ ఫోన్లు లేని కాలంల మా తాతింట్ల ఒక కోడలుండె," అని మేనత్త కొడుకు, అంటే మా బావ, చుట్టూ కూర్చున్న పిల్లలకు మొదలుపెట్టాడు. "కళ్లంల నిలవడి వానా అన్నది. అన్నదో లేదో, పిడుగు! మొగన్ని తిన్నది."

"నువ్వు చూసినవా బావా?"

"చూసుడేంది? ఊరంతటికి ఎరుకే."

"ఊరంత కళ్లంల లేదు. నేనున్న."

"అప్పుడు నీకెంత వయసుండె? జడ ఏసుకునుడు గూడ రాకుండె."

"జడ ఏసుకోరాకున్నా కండ్లున్నయి."

"ఆగుండ్రి, మా మరదలు కాలేజీల చదివింది, పిడుగు మీద గూడ కేసేస్తది," అన్నాడు. పిల్లలు నవ్వారు. నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా అమ్మ నవ్వలేదు. విస్తట్లో మిర్చిబజ్జీని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. ఈ కథ వచ్చినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి అలా తిప్పుతూ ఉంటుంది.

పిడుగు మీద కాదు బావా కేసు. మిగతా వాళ్ల మీద.

మా పొలం న్యాల్‌కల్ తోవలో ఉండేది. నల్లరేగడి. బావి లేదు, కాలువ లేదు. మంచుకూ, నేలలో మిగిలిన తడికీ పండే యాసంగి జొన్న, శనగ, కుసుమ. హోళీ పోయేసరికి కోతలు అయిపోయేవి. పొలంలోనే ఒక మూల చదును చేసి, పేడతో అలికి, నడుమ గుంజ పాతి, దాని చుట్టూ ఎడ్లను తిప్పి జొన్న కంకులు తొక్కించేవారు. అదే కళ్లం. ఎండిన పేడ వాసన, జొన్న పొట్టు దురద, దూరంగా ఎవరో కాలుస్తున్న శనగ చెట్ల పొగ. నా మెడలో హోళీకి వేసిన చక్కెర పేర్ల దండ ఉండేది. చెమటకు కరిగి మెడంతా జిగటై, చీమలు పట్టినా తీసేదాన్ని కాదు. ఒక్కో బిళ్ల కొరుక్కుంటూ, దండ కురచైపోతుంటే దిగులుపడుతూ తిరిగేదాన్ని.

కళ్లానికి మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లుండేవి. తూర్పారపట్టిన గింజలను ఒకచోట రాశి పోసి, చుట్టూ బూడిదతో గీత గీసేవారు. రాశి పక్కనే గడ్డపారను నిలువునా నేలలోకి దించేవారు. ఇనుముంటే గాలి, ధూళి దగ్గరికి రావట. గీత లోపలికి చెప్పులతో పోకూడదు. గింజలు కొలిచి బస్తాలకు ఎత్తేదాకా, రాశి పోసినవాడు గీత దాటి బయటికి రాకూడదు. వస్తే లక్ష్మి వాడి వెంటే వెళ్లిపోతుంది. వాడికి రొట్టె కూడా లోపలికే అందించాలి. కళ్లంలో ఏదీ 'అయిపోయింది' అనకూడదు, 'పెరిగింది' అనాలి. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఏమంటే, కళ్లం నడిచే రోజుల్లో వాన పేరు ఎవరూ ఎత్తకూడదు. పిలిచినట్టే అవుతుందని భయం. మరీ తప్పకపోతే 'పెద్దమనిషి' అనాలి. అదీ మా తాతే అనాలి.

అంతెందుకు, ఆ రోజుల్లో మా తాత రేడియోను కూడా నమ్మేవాడు కాదు. వార్తల్లో అది ఆ పేరు ఎత్తుతుందని, పాత ధోవతిలో చుట్టి, గింజలు నిలవచేసే గుమ్మి ఖాళీగా ఉంటే దాంట్లో పెట్టేవాడు. రేడియో నోరు మూస్తే మబ్బు నోరు మూసినట్టేనని మా ఇంటి నమ్మకం.

చిన్నమ్మది బీదర్ అవతల ఒక పల్లె. కాకను చేసుకుని వచ్చిన కొత్త. ఆమె తెలుగులో కన్నడం కలిసేది. నన్ను 'తంగీ' అనేది, అంటే చెల్లీ అని. రొట్టె చేస్తే దాని గుండా దీపం కనిపించేది. శేంగపొడి, అంటే వేరుశనగల పొడి, దంచితే వీధి చివర కుక్క కూడా లేచి వచ్చేది. కానీ నవ్వితే పశువుల కొట్టం దాకా వినబడేది. మా నానమ్మ దృష్టిలో ఆమె మొదటి నేరం అదే.

"ఏందే ఆ నవ్వు? ఇల్లా, అంగడా?" అనేది నానమ్మ.

"అంగట్ల నవ్వితె పైసలడుగుతరత్తా. ఇంట్లనైతె ఫుకట్," అనేది చిన్నమ్మ.

కాక గడప దగ్గర తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు, నవ్వు బయటపడకుండా.

నానమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తే నేనూ చిన్నమ్మా గుమ్మిలోకి దిగేవాళ్లం. లోపల వేపాకు వాసన, పాత జొన్న మట్టి వాసన. ధోవతి విప్పి, రేడియోను చెవికి ఆనించుకుని, చీమ నడిచినంత చప్పుడుతో పాటలు వినేవాళ్లం. ఆ రోజు ఎందుకో పొద్దున్నే దిగాం. పాట లేదు. వార్తలు. ఉరుములతో కూడిన జల్లులు, బలమైన ఈదురు గాలులు, అక్కడక్కడ వడగళ్లు అంటోంది గొంతు. ఎంత చల్లగా చెప్పిందో! కూరగాయల ధరలు చదివినట్టు.

చిన్నమ్మ రేడియో ఆపేసింది. "తంగీ, మీ కాక గీత లోపట ఉన్నడు," అంది. ముందురోజే కాక రాశి పోశాడు. ఇంకా తూర్పారపట్టాల్సిన గింజలు మిగిలి ఉండటంతో కొలత జరగలేదు.

ఆమె సూటిగా వంటింట్లోకి పోయింది. నానమ్మ పిండి పిసుకుతోంది.

"అత్తా, రేడియోల చెప్పిన్రు..."

"రేడియో ఎవలు తీసిన్రు?"

"అది ఎనక తిట్టుదువు. ఇయ్యాల వా..."

ఆ మాట సగంలోనే నానమ్మ పిండిచేత్తో చెంప మీద కొట్టింది. జొన్నపిండి వేళ్లు నాలుగూ చెంపమీద అచ్చుపడ్డాయి. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కట్టె ఎగదోస్తూ ఉంది.

చిన్నమ్మ చెంప కడుక్కోలేదు. గంపలో రొట్టెలు, పుంటికూర, ఎల్లిపాయ కారం పెట్టుకుని నన్ను వెంటేసుకుని పొలానికి బయలుదేరింది. కాళ్లకు తోలు చెప్పులు. జొన్న కోసిన చేను ఎప్పుడైనా చూశారా? కొయ్యలు మేకుల్లా నిలబడి ఉంటాయి. దాంట్లో చెప్పుల్లేకుండా నడవమనే వాళ్లు ముందు నడిచి చూపించాలి.

మేము చేరేసరికి పడమట మబ్బు లేచింది. నల్లగా లేదు, ఆకుపచ్చగా ఉంది. అంతదాకా వీచిన గాలి ఠక్కున నిలిచిపోయింది. మా నాయిన తూర్పార పీట మీద నిలబడి, గింజల చేటను తల మీదికి ఎత్తి పట్టుకుని, గాలి కోసం అలాగే ఉండిపోయాడు. బండి పక్కన కట్టేసిన ఎడ్లు ముక్కుతాళ్లు గుంజుతున్నాయి. తాత మబ్బు వైపు చూశాడు. నాయిన చూశాడు. గీత లోపల కాక చూశాడు. ముగ్గురూ చూశారు, ముగ్గురూ ఎండ బాగుందన్నట్టు ముఖం పెట్టారు.

"పెద్దమనిషి అటే పోతడు, ఝరాసంగం దిక్కు," అన్నాడు తాత.

అంతే. పొలం మీదికి మరణం నడిచి వస్తుంటే దాని పేరు చెప్పకుండా ఉండటమే దానికి మందు అనుకున్నారు.

చిన్నమ్మ గీత ఇవతల కూర్చుని, రొట్టె లోపలికి అందించింది.

"ఇయ్యాల జర బయటికి రారి," అంది మెల్లగా.

"రాశి కొలువలే గదా," అన్నాడు కాక.

"రేపు కొలవరి. గింజలు మల్ల పండుతయి."

"మా నాయిన ఇన్నడంటే నన్ను గూడ ధోతిల చుట్టి గుమ్మిల పెడ్తడు," అని కన్ను గీటి, కాల్చిన శనగకాయ ఒకటి నా మీదికి విసిరాడు. అప్పుడే ఆమె చెంప చూశాడు. "ఏందది? పిండా?"

"మీ అమ్మ అద్దింది," అంది చిన్నమ్మ.

కాక నవ్వలేదు. రొట్టె కిందపెట్టాడు. ఏదో అనబోయాడు. ఉరిమింది. ఆకాశంలో కాదు, మా పాదాల కింద ఉరిమినట్టు అయింది. చిన్నమ్మ లేచి నిలబడి గొంతెత్తి చెప్పింది.

"మామా, వాన వస్తంది. రాళ్ల వాన. అందరు బండి కిందికి రాండ్రి."

కళ్లంలో ఆ మాట పలికిన మొదటి మనిషి ఆమె. తాత ఒక్క అంగలో వచ్చి ముల్లుగర్రతో వీపు మీద కొట్టాడు. గంప బోర్లా పడి పుంటికూర మట్టిలో కలిసింది. ఆమె ఏడవలేదు, తప్పుకోలేదు. "కొట్టు మామా, కొట్టి బండి కిందికి రా," అంది. మళ్లీ కొట్టాడు. మా నాయిన పీట మీద నుంచి దిగలేదు. కాక బూడిద గీత దాకా వచ్చి, కాలివేళ్లు గీతకు ఆనించి నిలబడ్డాడు. దాటలేదు. నా కాక మంచివాడు, నాకు ప్రాణం. అయినా ఈ సంగతి రాయకుండా పోతే నేనూ మా బావలాగే చెప్పినట్టు.

మూడో దెబ్బకు కర్ర లేవలేదు. గాలి వచ్చింది.

ముందు ఎర్రటి దుమ్ము గోడలా వచ్చి కొట్టింది. జొన్న పొట్టు కుప్పంతా ఒక్కసారిగా లేచి మా కళ్లల్లో, నోళ్లల్లో నిండింది. తూర్పార పీట దొర్లుకుంటూ పోయింది. ఆ వెనకే రాళ్లు. వేరే ఏళ్లలో రాళ్ల వాన పడితే పిల్లలం గిన్నెలు పట్టుకుని వాకిట్లోకి ఉరికి, ఏరుకుని, చక్కెర అద్దుకుని తినేవాళ్లం. ఈ రాళ్లు తినేవి కావు. నిమ్మకాయలంత. మొదటిది బండి మీద పడితే పలక చీలింది. ఒక ఎద్దు కంటి మీద పడితే కన్ను చితికి, అది బర్రున తాడు తెంపుకుని కొయ్యల్లో పడి ఉరికింది. పిట్టలు గింజల్లా రాలాయి. నేను బండి కింద బోర్లా పడుకున్నాను. తాతా నాయినా దూరి నా వెనక కూర్చున్నారు. పక్కన చిన్నమ్మ. ఆమె మోచేయి నా వీపు మీద కప్పి ఉంది, దాని మీద పడుతున్న రాళ్ల బరువు నాకు తెలుస్తూనే ఉంది.

కాక ఒక్కడే బయట. పాత తాటిపత్రిని, అంటే టార్పాలిన్ గుడ్డను, రాశి మీద కప్పడానికి పెనుగులాడుతున్నాడు. గాలి దాన్ని ఊడబీకుతోంది. కట్టడానికి ఇంకేమీ లేక తాడును గడ్డపారకు కట్టాడు. చుట్టూ అంత మైదానంలో, గుంజను వదిలేస్తే, నిలువుగా ఉన్నవి రెండే, కాకా ఆ గడ్డపారా.

చిన్నమ్మ చేట నెత్తిన పెట్టుకుని ఉరికింది. "బన్నీ! బన్నీ!" అని అరిచింది. భయం వేస్తే ఆమెకు కన్నడమే వచ్చేది. రండి, రండి అని. చెప్పులతో గీత దాటిందంటారే, అసలు గీత ఎక్కడుంది? బూడిద అప్పటికే నీళ్లలో కలిసి పోయింది. లేని గీతను ఆమె ఎలా దాటిందో మా వాళ్లే చెప్పాలి.

ఆమె కాక మణికట్టు పట్టుకుంది. గుంజింది. కాక వచ్చాడు. అదిగో, అదే ఎవరూ చెప్పని ముక్క. కాక వచ్చాడు! తాటిపత్రి వదిలేసి, రాశి వదిలేసి, ఆమె చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడు. బండికి దగ్గరదాకా వచ్చారు ఇద్దరూ. కాక నుదుటి మీద నెత్తురు కారుతోంది, అయినా నన్ను చూసి నవ్వాడు కూడా. చెయ్యి చాపితే అందేంత దూరం.

అప్పుడు నా వెనక నుంచి ఒక కేక.

"రాశి పోతున్నదిరా!"

కాక ఆగాడు. వెనక్కి చూశాడు. తాటిపత్రి ఒక పక్క లేచి గింజలు నీళ్లలో పారుతున్నాయి. చెయ్యి విడిపించుకున్నాడు. చిన్నమ్మ చొక్కా పట్టుకుంటే చొక్కా చిరిగింది. ఉరికి వెళ్లి, రెండు చేతులతో గడ్డపార మీద పడి తాడు బిగించాడు.

తెల్లగా అయిపోయింది లోకం. చప్పుడు తర్వాత వచ్చిందో, అసలు రాలేదో నాకు తెలియదు. కళ్లు తెరిచాక ముందు వాసన తగిలింది. జొన్న పేలాల వాసన. పిడుగు తగిలిన చోట గింజలు వేగాయి. నాగపంచమికి ఇల్లంతా కమ్మగా నిండే వాసనే. ఈ రోజుకీ ఎవరింట్లోనైనా జొన్నలు వేయిస్తే నేను లేచి బయటికి పోతాను. అడిగితే పొగ పడదని చెబుతాను.

ఊళ్లోవాళ్లు వచ్చేసరికి చిన్నమ్మ కాకను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఒక చెవిలోంచి నెత్తురు వస్తోంది. ఆ చెవి మళ్లీ వినలేదు. నానమ్మ పరుగెత్తుకొచ్చి, జరిగింది తాత నోట విని, చిన్నమ్మ కాళ్ల నుంచి చెప్పులు లాగి, వాటితోనే ముఖం మీద కొట్టింది. "పిలిచినవు గదనే! పేరు వెట్టి పిలిచినవు గదనే!" అంటూ కొట్టింది. చేతులు నొచ్చి ఆగితే ఇంకొకామె అందుకుంది. పొద్దున పిండి అచ్చుపడ్డ చెంప అది. పొద్దు గుంకకముందే కథ తయారైపోయింది. వాన అన్నది, చెప్పులతో దాటింది, పిడుగు పడింది. వెనక్కి పిలిచిన కేక ఆ కథలో లేదు.

మర్నాడు తాత కళ్లానికి పోయి మిగిలిన గింజలు కొలిపించాడు. మొదటి మానికను ఒకటి అనకూడదు, 'లాభం' అనాలి. లాభం అన్నాడు. ఆ జొన్నలే ఆ ఎండాకాలమంతా మేము తిన్నాం. నేను రొట్టె ముట్టనంటే అమ్మ నా నోట్లో కుక్కింది, ఏడుస్తూనే.

దినాలు కాగానే చిన్నమ్మ అన్న బండి కట్టుకుని వచ్చి ఆమెను తీసుకుపోయాడు. వాకిట్లో ఎవరూ నిలబడలేదు. నేను ఎదురు వెళ్లి, మెడలో మిగిలిన చక్కెర బిళ్లను ఆమె చేతిలో పెట్టాను. నోట్లో వేసుకోలేదు, కొంగున ముడేసుకుంది.

నేను అప్పుడే అడగడం మొదలుపెట్టాను. తాతను అడిగితే, "నేను నోరు తెరువనే లేదు," అన్నాడు. నాయినను అడిగితే చెంప పగలగొట్టాడు. నా జన్మలో ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే. మా ఇంటి మగవాళ్లందరివీ ఒకే గొంతు. గడప అవతల నుంచి పిలిస్తే తండ్రో కొడుకో పోల్చుకోలేం. నేను బోర్లా పడుకుని కాకనే చూస్తున్నాను, వెనక్కి తిరగలేదు.

కాలేజీలో చేరాక ఒకసారి బస్సెక్కి బీదర్ వైపు పోయి చిన్నమ్మను వెతుక్కున్నాను. పెళ్లిళ్లకు ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసి ఇస్తూ బతుకుతోంది. నన్ను చూసి, "తంగీ, ఎంత పొడుగైతివే!" అని నవ్వింది. చిన్న నవ్వు, పక్కింటికి కూడా వినబడదు. వేడి ఓళిగ మీద నెయ్యి పోసి పెట్టింది. తింటుండగా, వినబడే చెవి నా వైపు తిప్పి అడిగింది. "నువ్వు బండి కింద ఉంటివి గదా. నా చేతిలకెంచి గుంజుకపోయిండ్రు ఆయనను. రాశి అని ఒర్రింది ఎవరే?" వెనక్కి తిరిగి చూడలేదన్నాను. ఇంకో ఓళిగ వేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆమె పోయిందని కబురొచ్చింది. అంతకుముందే తాతా, నానమ్మా పోయారు. ఆ వెనక నాయిన పోయాడు.

ఫంక్షన్ హాలు రేకుల మీద మొదటి రాయి పడింది. తర్వాత మొత్తం విరుచుకుపడింది. పిల్లలు కేకలు పెడుతూ రాళ్లు ఏరడానికి పోబోతే తల్లులు జుట్టు పట్టి లాగారు. బావ నోరు ఇంకా ఆడుతోంది కానీ ఒక్క ముక్కా వినబడటం లేదు. మా అమ్మ మాత్రం బజ్జీ తిప్పడం ఆపి, రేకుల వైపు చూస్తోంది. నాయిన పక్కన ఇన్నేళ్లు పడుకున్న మనిషి. ఆయన నిద్రలో ఉలిక్కిపడితే నీళ్లిచ్చిన మనిషి. ఏం విని ఉలిక్కిపడ్డాడో ఆమెకు తెలియదా?

వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, రాళ్ల చప్పుడును మించి అరిచాను. సరిగ్గా అప్పుడే వాన తెరిపి ఇచ్చింది. షెడ్డంతా నిశ్శబ్దమైపోయి, బావతో సహా అందరూ మా వైపు తిరిగారు. నా మాట అందరికీ వినబడింది.

"అమ్మా, వాన అన్నదాన్ని ఇన్నేండ్లు యాది పెట్టుకున్నరు. రాశి అన్నోన్ని ఒక్కరు గూడ అడగలే. ఆ కేక తాతదా, నాయినదా?"